విశాఖ ఒడ్డున ఇసుక కోర్టు కోసం క్రీడా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. విశాఖ తీరంలో బీచ్ వాలీబాల్ ఆడేవాళ్లం, పిల్లలకు నేర్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం స్టేడియం అడగడం లేదు. ఒడ్డున కాస్త చోటు, అది పదేళ్లపాటు స్థానిక క్లబ్బు నిర్వహణలో ఉంటుందని ఒక ఉత్తర్వు ఇప్పించమని అడుగుతున్నాం.

ఈ ఆట పుట్టిందే అలాంటి కాగితం మీద. హవాయిలోని వైకీకీలో ఒడ్డంతా హోటళ్లు, బంగళాల పాలవుతున్న రోజుల్లో, కుర్రాళ్లకు సముద్రంలోకి దిగే దారి మిగలాలని అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ అనే అమెరికన్ రచయిత పూనుకుని 1908లో అవుట్‌రిగ్గర్ కనూ క్లబ్‌ను పెట్టించాడు. హవాయి రాణి ఎమ్మా ఆస్తులు చూసే క్వీన్ ఎమ్మా ఎస్టేట్ వాళ్లు ఎకరంన్నర నేలను ఏడాదికి 10 డాలర్లకు, 20 ఏళ్ల కౌలుకిచ్చారు. మూతబడ్డ జూ నుంచి కొన్న రెండు గడ్డి ఇళ్లతో క్లబ్బు నడక మొదలైంది. 1915లో ఆ ఇసుకలోనే వాలీబాల్ నెట్ కట్టారు. 1920ల్లో ఆట కాలిఫోర్నియాలోని శాంటా మోనికాకు చేరింది. ఇద్దరిద్దరు ఆడే పద్ధతి అక్కడే 1930లో వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల ఆటైంది. నేల చేతిలో లేకపోతే ఆ నెట్ రెండో ఏడాదికి ఉండేది కాదు.

అయితే ఆ క్లబ్బులో ఎక్కువమంది తెల్లవాళ్లే. స్థానిక హవాయియన్లు 1911లో హుయి నలు పేరుతో వేరే క్లబ్బు పెట్టుకున్నారు. 1912 ఒలింపిక్స్ ఈతలో స్వర్ణం గెలిచిన డ్యూక్ కహనమోకు అందులోని వాడే. ఇక్కడ అలా జరగనివ్వొద్దు. జాలరిపేటల పిల్లలకు సభ్యత్వం ఉచితమని ఉత్తర్వులోనే ఉండాలి. వలలు ఆరేసుకునే చోటు, పడవలు ఒడ్డుకు లాగే దారి ముట్టుకోకూడదు.

ఇక కోర్టు సంగతి. ఆడే జాగా 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్లు వదలాలి కాబట్టి మొత్తం 22 బై 14 మీటర్లు. ఇసుక 40 సెంటీమీటర్ల లోతున మెత్తగా ఉండాలి, అంటే సుమారు 123 ఘనపు మీటర్లు. అంత లోతు వరకు తవ్వి జల్లెడ పట్టాలి. పైపైన ఏరితే గాజు పెంకులు, గవ్వ ముక్కలు కిందే ఉండిపోతాయి, డైవ్ చేసిన పిల్లల మోచేతులు చీరుకుపోతాయి. మట్టి కలిసిన ఇసుక పోస్తే ఒక్క వానకే గట్టిపడి మోకాళ్లు దెబ్బతింటాయి. రాతిపొడి అసలు వద్దు, ఒళ్లు గీసుకుపోతుంది. కోర్టు పొడవు తీరం వెంబడే ఉండాలి. అప్పుడు సాయంత్రం సముద్రపు గాలి అడ్డంగా వీస్తుంది, ఏ ఒక్క జట్టుకో ఎదురుగాలి కాదు.

స్తంభాలకు జింకు పూత ఉన్న ఇనుమే వాడాలి. మామూలు ఇనుమైతే ఉప్పుగాలికి మొదట నెట్ బిగించే చక్రం తుప్పుపట్టి తిరగదు. అప్పుడు నెట్ నడుమ జారుతుంది, మగవాళ్లకు ఉండాల్సిన 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్ల ఎత్తు నిలవదు. నెట్ కిందా, సర్వ్ చేసే చోటా రోజూ గుంటలు పడతాయి. సాయంత్రం ఆట అయ్యాక ఇద్దరు ఒక పలకను అటూ ఇటూ లాగితే సరిపోతుంది. కానీ ఆ పని ఎవరిదో తేలకపోతే నెల తిరక్కుండానే కోర్టు పాడవుతుంది. పోటీలప్పుడు స్తంభాలు పాతి, అవి అవగానే పీకేసే పద్ధతిలో ఎప్పుడూ ఇదే జరుగుతుంది.

చోటు ఎంపికలో ఒక జాగ్రత్త ఉంది. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి కాబట్టే ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది, తవ్వి తీసిన ఇసుకను మళ్లీ అక్కడ పోయాల్సి వస్తోంది. అందుకని వానాకాలపు పోటు ఎంతదాకా వస్తుందో కొలిచి, దానికి పైన కోర్టు వేయాలి. తీర నియంత్రణ అనుమతి ముందే తీసుకోవాలి. కాంక్రీటు వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, తర్వాత పిల్లలు బయటికొస్తాయి. ఆ నెలల్లో ఫ్లడ్‌లైట్లు వేస్తే పిల్లలు సముద్రం వైపు కాక వెలుగు వైపు పాకుతాయి కనుక పొద్దుగూకాక ఆట ఆపేస్తాం.

ఉత్తర్వు ఈ వేసవి సెలవుల లోపు వస్తే జల్లెడ పని, స్తంభాల పని, రోజువారీ నిర్వహణ మేమే చూసుకుంటాం. క్రీడా ప్రాధికార సంస్థ నుంచి రెండు జతల స్తంభాలు, నాలుగు నెట్లు, సామాను పెట్టుకునేందుకు విప్పి తరలించగల ఒక చిన్న షెడ్డు ఇప్పించండి.

ఇట్లు,
విశాఖ తీరపు బీచ్ వాలీబాల్ ఆటగాళ్లు, శిక్షకులు