తమ్ముణ్ని కాస్త వదిలెయ్

రాయగడ

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్‌లు రెండూ విన్నాను. ఫోన్లో మాట్లాడితే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాస్తున్నాను.

తమ్ముడు గుడికి రావడం మానేశాడని నీకెంత బాధో నాకూ అంతే. కానీ పొద్దున్నే వాక్యాలు, మధ్యాహ్నం ఎవరో ఫాదర్ గారి వీడియో, రాత్రికి "నీ కోసం జపమాల చెప్తున్నా, నీకేమో పట్టదు" అంటూ వాడి వెంటపడకు. ఆ చివరిది ప్రార్థన కాదు, దెప్పిపొడుపు. మొన్న సెలవులకొచ్చినప్పుడు నీ ఫోన్ వస్తే, పేరు చూసి బోర్లా పెట్టేశాడు.

పునీత మోనికమ్మ కథ ప్రసంగాల్లో సగమే చెబుతారు. కొడుకు అగస్టీను, మాని అనే ఆయన పెట్టిన మతంలో కలిశాడని ఆవిడ మొదట తన పంక్తిలో కూర్చోనివ్వలేదు. తర్వాత ఒక కల వచ్చి మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది. "మావాడికి నచ్చజెప్పండి" అని ఒక మేత్రాణుల్ని, అంటే బిషపు గారిని, బతిమాలితే, వాడు ఇప్పుడు వినడు, వదిలెయ్, ప్రార్థన మాత్రం చెయ్యి అన్నారాయన. ఆవిడ కదల్లేదు, ఏడుస్తూ కూర్చుంది. అప్పుడు కాస్త విసుక్కునే, ఇన్ని కన్నీళ్లు కార్చిన తల్లి బిడ్డ నశించిపోడు, వెళ్లమ్మా అన్నారు. అందరికీ ఈ రెండో మాటే గుర్తు. నాకు మొదటిదే ఇష్టం.

383లో అగస్టీను రోముకు బయల్దేరితే, వాణ్ని వెళ్లనివ్వకు దేవా అని ఆఫ్రికా ఒడ్డున కార్తేజు రేవు దగ్గర రాత్రంతా ప్రార్థించింది. వాడు అబద్ధం చెప్పి ఆ రాత్రే ఓడెక్కేశాడు. అడిగింది జరగలేదు. కానీ అలా వెళ్లబట్టే మిలాను చేరాడు, అంబ్రోసు మేత్రాణుల ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరుకు ఆయన చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. భువనేశ్వర్ వెళ్లే తమ్ముడు పాడైపోయాడంటావు. అక్కడ వాడికి ఎవరు ఎదురవుతారో నీకు తెలుసా, నాకు తెలుసా?

విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని 1965లో మన కాథలిక్కు మేత్రాణులంతా కూడిన రెండో వాటికన్ మహాసభే చెప్పింది. పవిత్ర శుక్రవారం ప్రార్థనల్లో దేవుణ్ని నమ్మనివాళ్ల కోసమూ ఒకటుంది, నిజాయితీగా మంచిని అనుసరిస్తూ ఆయన్ని చేరుకోవాలని. మన గుళ్లో ఒడియాలో చదువుతారు, నాకు సగమే అర్థమవుతుంది. అయినా అక్కడ వాడి పేరు కలుపుకుంటాను. నిజాయితీకి వాడిలో కొదవేమీ లేదు. జీతం రాగానే పక్కింటి తాతగారి మందులకి డబ్బు పంపుతాడు, ఎవరికీ చెప్పడు.

జపమాలలో ఒక పది వాడి పేరున చెప్పు, వాడికి మాత్రం చెప్పకు. ఉపవాసం వద్దు, పాలిచ్చే తల్లివి. కావాలంటే రాత్రి సీరియల్ మానెయ్, నీకు అంతకంటే కష్టమైంది లేదు.

పండక్కి పిల్లని తీసుకుని విజయనగరం నుంచి రైలెక్కి రా. వాడూ వస్తున్నాడు. ఆదివారం మనిద్దరం పూజకి వెళ్దాం, వాణ్ని లేపకు. మనం వచ్చేసరికి టిఫిన్ చేసి ఉంచమంటాను. ఉప్మా బాగానే చేస్తున్నాడు ఈమధ్య.

మీ అమ్మ