మంత్రి గారూ, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల కరెంటు బాకీ కొత్తగా అద్దెకొచ్చినవాళ్ల మీద వేయకండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడిని. నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాను. కరెంటు బిల్లులు కొట్టిన వారం వచ్చిందంటే సాయంత్రం పూట మా అరుగు మీదికి ఎవరో ఒకరు బిల్లు పట్టుకుని వస్తారు. వాళ్లకు చదవడం రాక కాదు. ఎంత చదివినా ఆ కాగితం అర్థం కాక వస్తారు.

పోయిన వేసవిలో మా వీధి చివర ఇంట్లో అద్దెకుండే అమ్మాయి వచ్చింది. భర్త ట్రంకు రోడ్డులో బట్టల షాపులో పని చేస్తాడు, తను ఇంట్లో జాకెట్లు కుడుతుంది. "ఏంది సార్ ఇది, ఫ్యాను కూడా చూసుకుని చూసుకుని వేస్తన్నాం, బిల్లు మాత్రం తగ్గడంలా" అంది. బిల్లు తీసుకుని చూశాను. వాడింది 96 యూనిట్లు. మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసల చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45 యూనిట్లకు మూడు రూపాయల చొప్పున 135. మిగిలిన 21 యూనిట్లకు నాలుగున్నర చొప్పున 94 రూపాయల 50 పైసలు. అన్నీ కలిపితే 286 రూపాయల 50 పైసలు. ఆమె వాడుకున్న కరెంటు ఖరీదు అది. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం వగైరా సరే, ఎప్పుడూ ఉండేవే. వాటి కింద, గతంలో కరెంటు కొనడానికి అంచనా కన్నా ఎక్కువైన ఖర్చును తర్వాత వసూలు చేసే సర్దుబాటు చార్జీల వరసలున్నాయి. అవి కలిపితే 130 రూపాయలు దాటాయి.

96 యూనిట్లకు అంత ఎట్లా వచ్చిందని ఇంటి ఓనరును అడిగి పాత బిల్లులు తీయించాను. అప్పుడు తెలిసింది. ఆ సర్దుబాటు లెక్కకట్టింది ఈమె యూనిట్ల మీద కాదు, అదే మీటరు మీద గతంలో వాడిన యూనిట్ల మీద. అప్పుడు ఆ ఇంట్లో ఉన్న కుటుంబం వేరు. రాత్రీ పగలూ ఏసీ నడిచేది, నెలకు 300 యూనిట్లు దాటేది. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి బెంగుళూరు వెళ్లిపోయారు. మీటరు ఇక్కడే ఉంది, బాకీ కూడా మీటరుతోపాటు ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల ముఖం కూడా చూడని అమ్మాయి అది కడుతోంది.

నేను ఈ సర్దుబాటునే తప్పుపట్టడం లేదండీ. అంచనా వేసిన దానికన్నా కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడా ఎవరో ఒకరు భరించాల్సిందే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత దిగుమతి బొగ్గు ధర ఎంత మండిపోయిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బొగ్గు దిగే కృష్ణపట్నం పోర్టు మా జిల్లాలోనే ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం మా నేలటూరులోనే ఉంది. 2024 అక్టోబరులో, కరెంటు చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరానికి 6,072 కోట్ల రూపాయల సర్దుబాటుకు అనుమతించింది. ఆ తర్వాతి నెలలోనే 2023-24కు 9,412 కోట్లకు అనుమతించింది. కొన్నాళ్లకు పరిస్థితి మెరుగుపడి, 2025 నవంబరు బిల్లుల నుంచి ఈ సర్దుబాటును యూనిట్‌కు 13 పైసలు తగ్గించారు. అది మంచి పని, ఆ మాట కూడా చెప్పాలి కదా.

నా బాధల్లా ఆ తేడాను ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారన్నదే. సొంతింట్లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది కాదు, వాళ్లు వాడిందే వాళ్లు కడతారు. అద్దె ఇళ్ల సంగతి అట్లా కాదు. నెల్లూరులో కాలేజీల కోసం, ఆస్పత్రుల కోసం, షాపుల్లో పనుల కోసం చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చి అద్దెకు దిగేవాళ్లు వేలల్లో ఉంటారు. రెండేళ్లకో మూడేళ్లకో ఇల్లు మారుతుంటారు. దిగేటప్పుడు అడ్వాన్సు ఎంత, నీళ్లు వస్తాయా, బండి పెట్టుకోవడానికి చోటుందా అని అడుగుతారు. ఈ మీటరు మీద పాత సర్దుబాటు ఎంత మిగిలి ఉందని ఎవరు అడుగుతారు? అడిగినా చెప్పగలిగేవాళ్లు ఎవరు? ఓనరుకే తెలియదు.

ఆ అమ్మాయికి నాలుగేళ్ల కూతురుంది. పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. దానికి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు. సేవింగ్స్ ఖాతాలో డబ్బు అట్లా పడేసి ఉంచితే పెద్ద బ్యాంకులు ఇచ్చేది రెండున్నర శాతమే. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేసినా సుకన్య ఖాతా నిలుస్తుంది. నెలకు 130 అంటే ఏడాదికి 1,560. ఎవరో వేసుకున్న ఏసీకి ఆమె కడుతున్న ఆ డబ్బు పాప ఖాతాలో పడాల్సింది. ఎక్కువ వడ్డీ ఎక్కడొస్తుందో చూసి దాచుకోండి అని నేనూ అందరికీ చెబుతుంటాను. చేతిలో మిగిలితే కదా దాచుకునేది.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు నడిచే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. చెరొక 150 యూనిట్లు వాడతారనుకోండి. ఎవరి మీటరు వాళ్లకుంటే చెరొకరికి 567 రూపాయలు, ఇద్దరికీ కలిపి 1,134. అదే ఒక మీటరు మీద 300 యూనిట్లు తిరిగితే, 225 దాటిన ప్రతి యూనిట్‌కూ 8 రూపాయల 75 పైసలు పడుతుంది కాబట్టి బిల్లు 1,673 అవుతుంది. కరెంటు అంతే, ఫ్యాన్లు అవే, 539 రూపాయలు అదనం. ఇక కొందరు ఓనర్లు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తారు. 150 యూనిట్లకు 1,500. సొంత మీటరుంటే 567తో పోయేది. నెలనెలా ఒక 500 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో (ఆర్‌డీలో) వేస్తే, ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లకు 35 వేలు పైనే చేతికొస్తుంది. ఆ కుటుంబాలకు అది ఒక ఏడాది పిల్లల ఫీజు.

ఓనర్లను మాత్రమే అని ప్రయోజనం లేదు. ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను కట్టే పద్ధతి 2021 ఏప్రిల్‌లో వచ్చింది. పాత పన్ను మీద ఏటా 15 శాతం దాకా పెరగవచ్చు. అట్లా ఐదుసార్లు పెరిగితే రెట్టింపు. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఉంది, నేను ప్రతి ఏడూ అట్లాగే కడతాను. పన్ను పెరిగినప్పుడల్లా అది అద్దెలో కలిసిపోతుంది. అది మీ శాఖ కాదని తెలుసు. మున్సిపల్ శాఖ చూసే మంత్రి గారు మా నెల్లూరు సిటీ ఎమ్మెల్యేనే కాబట్టి ఆయనకు వేరే రాసుకుంటాను. పైకప్పు మీద సోలారుకు కేంద్రం ఇచ్చే 78 వేల దాకా సబ్సిడీ కూడా ఇల్లున్నవాళ్లకే. అద్దెకుండేవాళ్లకు పెరిగిన ప్రతిదాంట్లో వాటా ఉంది, తగ్గిన దాంట్లో లేదు.

కాబట్టి మీరు చేయగలిగినవే అడుగుతున్నాను. పాత సంవత్సరాల సర్దుబాటును సర్వీసు నంబరు మీద కాకుండా అప్పుడు వాడినవాళ్ల మీద వేసే దారి చూడండి. అది కుదరకపోతే, అద్దెకు దిగిన తేదీ రుజువు చూపించినవాళ్లకు అంతకుముందు నెలల సర్దుబాటు పడకుండా, ఓనరు పాత అద్దెవాళ్ల అడ్వాన్సులోంచి సర్దుకునేలా నిబంధన పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు మీటరు మీద ఎంత మిగిలి ఉందో ఒక కాగితం ఇచ్చే ఏర్పాటు చేస్తే ఓనరుకూ భయం ఉండదు. బిల్లులో సర్దుబాటు వరస పక్కన అది ఏ సంవత్సరం, ఏ నెల, ఎన్ని యూనిట్లదో తెలుగులో అచ్చు వేయించండి. వేరే వంటగది ఉన్న ప్రతి పోర్షన్‌కూ వేరే మీటరు ఇవ్వడానికి వార్డుల్లో క్యాంపులు పెట్టండి. ఓనర్లు ఆఫీసుల చుట్టూ తిరగాలంటే విసిగిపోయి వదిలేస్తున్నారు. క్యాంపు వీధిలోకి వస్తే చాలామంది ముందుకొస్తారు, నేను దగ్గరుండి దరఖాస్తులు నింపిస్తాను.

ఈసారి చార్జీల మీద బహిరంగ విచారణ జరిగేటప్పుడు ఒక్క రోజు నెల్లూరులో పెట్టమని నియంత్రణ మండలిని కోరండి. సాయంత్రం పెడితే షాపుల్లో పని చేసేవాళ్లు కూడా రాగలుగుతారు. మా అరుగు మీదికి వచ్చిన బిల్లుల్లో నలభైకి పైగా జిరాక్సులు తీసి దాచాను. పేర్లు కొట్టేసి మీ ఆఫీసుకు పంపిస్తున్నాను. ఆ అమ్మాయి బిల్లు అన్నిటికన్నా పైన ఉంది, ముందు అది చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల ఉపాధ్యాయుడు,
వేదాయపాళెం, నెల్లూరు