రఘూ, మొదటి రోజే డ్యూయీ వద్దురా

రఘూ,

నీ ఉత్తరం అందింది. బడి లైబ్రేరియన్లకు శిక్షణ ఇచ్చే పని నీ చేతికొచ్చిందంటే ఎంత సంతోషమేసిందో! కానీ నువ్వు పంపిన పది రోజుల టైంటేబుల్లో మొదటి నాలుగు రోజులూ వర్గీకరణ సిద్ధాంతానికే, అంటే విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె ఇచ్చి అరలో పెట్టే డ్యూయీ పద్ధతికే ఇచ్చేశావు. అది మార్చు. పిల్లలు అడిగే ప్రశ్న దగ్గరే శిక్షణ మొదలవ్వాలి. మిగతా పనంతా ఆ ప్రశ్నకు జవాబు దొరకడం కోసమే కదా.

మొదటి రోజు ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఒకరు పిల్ల, ఒకరు లైబ్రేరియన్. పిల్ల పాత్ర వేసేవాళ్లకి ఒక చీటీ ఇవ్వు. అందులో అసలు ప్రశ్న ఉంటుంది: "గబ్బిలం తలకిందులుగా వేలాడితే కింద పడదా?" పైకి మాత్రం "జంతువుల పుస్తకాలున్నాయా?" అనే అడగాలి. పిల్లలు చాలాసార్లు అలాగే అడుగుతారు, చిన్న సందేహాన్ని పెద్ద మాటలో చుట్టేసి. ట్రైనీ తటాలున 590 అర వైపు చెయ్యి చూపిస్తాడు. పిల్లేమో ఎగిరేది కదా అని 598లో పక్షుల దగ్గర వెతుకుతుంది. గబ్బిలాలు ఉండేది క్షీరదాల్లో, 599.4 దగ్గర. "జంతువుల గురించి ఏం తెలుసుకోవాలనుంది?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ తిరుగుడు తప్పేది. "ఎందుకు కావాలి?" అని మాత్రం అడగనివ్వకు. అది నిలదీసినట్టుంటుంది, పిల్ల ముడుచుకుపోతుంది. ఒక్కొక్కరి చేత కనీసం ఆరు చీటీలు చేయించు. మూడోదాకా తడబడతారు, ఆ తర్వాత వినడం మొదలవుతుంది.

డ్యూయీ సంఖ్యలు రెండో రోజు చెప్పినా చాలు, అదీ పుస్తకాలు చేతికిచ్చి. 599.4నీ 599.35నీ ఇచ్చి వరసలో పెట్టమను. సగం మంది 35 పెద్దది కదా అని దాన్ని వెనక పెడతారు. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చాలి, 4 కన్నా 3 చిన్నది కాబట్టి 599.35 ముందొస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో పుస్తకం అరలో ఉండి కూడా పోయినట్టే లెక్క.

పాత పుస్తకాలు తీసెయ్యడానికి ఒక పూట పూర్తిగా ఇవ్వు, ఎవరికీ చేతులు రావు దానికి. ప్లూటోతో మొదలుపెట్టు. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహంగా మార్చారు, తొమ్మిది గ్రహాలని చెప్పే పుస్తకం సైన్స్ అరలో ఉండకూడదు. అలాగని అచ్చయిన ఏడాది ఒక్కటే చూసి కథల పుస్తకాల మీద పడితే మంచివన్నీ పోతాయి. తీసేసిన ప్రతిదాన్నీ యాక్సెషన్ రిజిస్టర్లో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసుకునే పుస్తకం) కొట్టెయ్యాలి, కేటలాగ్ నుంచీ తొలగించాలి. రెండోది మరిచిపోతే కంప్యూటర్ ఉందంటుంది, అరలో ఉండదు. రెండుసార్లు అలా జరిగితే పిల్ల కేటలాగ్ వైపు మళ్లీ చూడదు.

చిరిగిన పేజీలకు సెల్లో టేప్ వాడనివ్వకు. కొన్నాళ్లకు దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. అట్ట దగ్గర కీలు వదులైతే, సన్నటి అల్లిక సూదిని తెల్ల పీవీఏ జిగురులో ముంచి వెన్ను సందులోకి పైనుంచీ కిందనుంచీ దోపాలి. అట్టకీ మొదటి పేజీకీ మధ్య మైనపు కాగితం పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. జిగురు ఎక్కువైతే పేజీలే అంటుకుపోతాయి, కాబట్టి ముందు పనికిరాని పుస్తకాల మీద చేయించు.

ఇక మీడియా వైపు. అందరూ వీడియో ఎడిటింగ్ అడుగుతారు, క్లాసులో పరువు తీసేది మాత్రం శబ్దం. హెచ్‌డీఎంఐ తీగ తగిలించగానే లాప్‌టాప్ శబ్దాన్ని ప్రొజెక్టర్‌కి పంపేస్తుంది చాలాసార్లు. దానికి స్పీకర్ లేకపోతే గదంతా నిశ్శబ్దం. సౌండ్ సెట్టింగులో మళ్లీ లాప్‌టాప్ స్పీకర్ ఎంచుకోవడం ప్రతి ఒక్కరూ నీ ముందు చేసి చూపించాలి. బొమ్మ వంకరగా పడితే ముందు ప్రొజెక్టర్‌నే తెరకు ఎదురుగా జరపాలి, వంకరను సరిచేసే కీస్టోన్ బటన్ నొక్కితే అక్షరాల స్పష్టత తగ్గుతుంది. స్లైడ్ సరిచూసేది ఆఖరి బెంచీ నుంచి. గొంతు రికార్డు చేసేటప్పుడు మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి.

ఎంతమంది వస్తున్నారో రాయి. మనిషికి ఆరు చొప్పున చీటీలు రాసి పంపిస్తా.

నీ
శ్రీను