చిన్న వ్యాపారానికి ఒక్క పేజీ నియమావళి

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారం పెట్టుకునేవారికి ఇచ్చే శిక్షణల్లో లెక్కలు రాయడం, పన్నులు కట్టడం, ప్రచారం చేసుకోవడం నేర్పుతారు. రోజూ ఎదురయ్యే తప్పొప్పుల సంగతి మాత్రం ఎవరి మనస్సాక్షికి వారిని వదిలేస్తారు. నెలాఖరుకు గల్లాపెట్టె ఖాళీ అయి, అప్పులవాడు ఫోన్ చేస్తూ, ఎదురుగా కొనేవాడు నిలబడి ఉంటే నిదానంగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ముందే నియమావళిగా రాసిపెట్టుకున్న నాలుగైదు వాక్యాలు అక్కడే అక్కరకొస్తాయి. శిక్షణలో వీటికి కనీసం ఒక పూట కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇది కొత్త ఆలోచన కాదు. దివాలా అంచున ఉన్న షికాగో వంటపాత్రల కంపెనీ క్లబ్ అల్యూమినియంను నిలబెట్టే బాధ్యత తీసుకున్న హెర్బర్ట్ టేలర్, 1932లో నాలుగు ప్రశ్నలు రాసుకున్నారు. ఇది నిజమేనా? సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా? సద్భావాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? ఇంగ్లీషులో మొత్తం 24 మాటలు. 1943లో రోటరీ అనే సేవాసంస్థ వీటిని స్వీకరించింది. చాలామంది వీటిని గోడకు తగిలించే సూక్తులుగానే చూస్తారు. కానీ టేలర్ కంపెనీలో మొదటి ప్రశ్న వెళ్లి సొంత ప్రకటనలకే తగిలింది. రుజువు చూపలేని ‘అత్యుత్తమం’ లాంటి మాటలను వాటిలోంచి తీసేశారు. నియమావళి పనిచేస్తోందా లేదా అన్నది ఇలాగే తేలుతుంది. ఆరు నెలల్లో అది ఒక్క నిర్ణయాన్ని కూడా మార్చలేదంటే దాన్ని తిరగరాయాలి.

‘నిజాయితీ, నాణ్యత, సేవ’ అని రాసుకుంటే ఏ నిర్ణయమూ తేలదు, ఎందుకంటే వాటిని కాదనేవారు లేరు. గత మూడు నెలల్లో తటపటాయించిన సందర్భాలు, మాటామాటా పెరిగిన సందర్భాలు ముందు కాగితం మీద పెట్టాలి. సరుకులో లోపం చెప్పాలా? సరఫరాదారు డబ్బు ఎన్నాళ్లు ఆపొచ్చు? బేరమాడినవారికి తగ్గించి, అడగనివారి దగ్గర పూర్తి ధర తీసుకోవచ్చా? కొన్నవారి ఫోన్ నంబరు ఇంకొకరికి ఇవ్వొచ్చా? ఏ వ్యాపారంలోనైనా దాదాపు ఇవే వస్తాయి. వీటిలో తరచూ వచ్చే ఐదారింటికి ఒక్కో వాక్యం చొప్పున రాయాలి. ఆ వాక్యంలో ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నవి ఉండి తీరాలి. ‘సరఫరాదారులను గౌరవిస్తాం’ అనే బదులు ‘గడువుకు డబ్బు అందదని తెలిస్తే మూడు రోజుల ముందే యజమాని స్వయంగా ఫోన్ చేసి కొత్త తేదీ చెప్పాలి’ అని రాస్తే, పాటించారో లేదో ఎవరైనా చూడగలరు. లోపం విషయంలో ‘మనకు తెలిసిన లోపాన్ని అమ్మేవారు డబ్బు తీసుకునే ముందే చెప్పాలి, బిల్లు మీద రాయాలి’ అంటే సరిపోతుంది.

‘అందరికీ న్యాయమేనా’ అన్న ప్రశ్న దగ్గర ఎక్కువమంది తడబడతారు. అందరూ అంటే ఎదుట ఉన్నవారే అనుకోవడం సహజం. కొనేవారు, పనివారు, సరఫరాదారు, అప్పిచ్చినవారు, పక్కింటివారు అని జాబితా రాసుకుని, ఆ సమయానికి అక్కడ లేనివారి తరఫున కూడా ప్రశ్న వేసుకోవాలి. సరఫరాదారు కొటేషన్‌లో ఒక సున్నా తగ్గించి రాశాడనుకోండి. పొరపాటని తెలిసీ ఆ ధరకే పట్టుబడితే చట్టం ఏమన్నా, న్యాయం మాత్రం కాదు. ఫోన్ చేసి సరిచూసుకోమనడానికి రెండు నిమిషాలు చాలు.

నియమావళి ఎక్కువగా చెడేది జీతాల లెక్కలో. లోపాలు దాచొద్దని గోడ మీద రాసి, అమ్మిన ప్రతి వస్తువుకూ అప్పటికప్పుడే కమీషన్ ఇస్తే, అమ్మేవాడు కమీషన్ మాటే వింటాడు. తప్పు అతనిది కాదు. వాపసు గడువు ముగిశాక, తిరిగి వచ్చిన సరుకు తీసేసి కమీషన్ లెక్కకడితే రెండూ ఒకే దారిన నడుస్తాయి. రెండో చిక్కు యజమాని. బహుమతులు పుచ్చుకోవద్దని పనివారికి చెప్పి తాను పుచ్చుకుంటే ఆ కాగితానికి విలువ ఆరోజుతో సరి. అందుకే తనను ఆపి అడిగే హక్కు ఒకరికైనా రాసివ్వాలి. లెక్కలు చూసేవారైనా సరే, పాత పనివారైనా సరే.

మినహాయింపులు తప్పవు. వాటికో చిన్న పుస్తకం పెట్టి తేదీ, విషయం, నిర్ణయించినవారు, కారణం రాయాలి. మూడు నెలలకోసారి తిరగేస్తే, ఒకే మినహాయింపు మూడుసార్లు కనబడినచోట నియమమైనా తప్పు, అలవాటైనా తప్పు. ఏదో ఒకటి మార్చాలి. చట్టం ఎలాగూ పాటించాల్సిందే కనుక దాన్ని మళ్లీ ఇందులో ఎక్కించి పేజీలు పెంచనక్కర్లేదు.

వర్తక సంఘాలు, రుణాలిచ్చే బ్యాంకులు, శిక్షణ కేంద్రాలు ఆ పూట తరగతిలో ఉపన్యాసం పెట్టకుండా, వచ్చినవారి చేత వారి వారి వ్యాపారానికి ఆ పేజీ అక్కడే రాయించాలి. మీ పత్రిక వ్యాపార పేజీలో వారానికో చిక్కు సందర్భం ఇచ్చి, ఎలా నిర్ణయించాలో పాఠకులను అడిగితే చాలామందికి దారి దొరుకుతుంది.

— చిన్న వ్యాపారాల లెక్కలు చూసే ఒక పాఠకుడు