భోజనాలు సరే, హాస్టల్ ఫీజు ఎవరు కడతారు?

ఎడిటర్ గారికి,

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తుంటాను. మా దగ్గర్లోని పిల్లల ఆశ్రమానికి నెలనెలా కాయలు ఇచ్చొస్తుంటాను. పుట్టినరోజులకీ, పెద్దల తద్దినాలకీ అక్కడ భోజనాలు పెట్టేవాళ్లకి కొదవ లేదు. ఒక్కోరోజు పులిహోర రెండు ఇళ్ల నుంచి వస్తుంది. కార్తీకంలో అయితే చెప్పక్కర్లేదు. ఫొటోలూ బాగానే తీసుకుంటాం.

ఆ ఆశ్రమంలో పెరిగిన ఒక అమ్మాయికి ఈ ఏడాది కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ సీటొచ్చింది. ఇప్పుడు హాస్టల్, పుస్తకాలు, యూనిఫాం ఎవరు కొనాలి? పద్దెనిమిది నిండాయంటే ఆశ్రమం లెక్కలో తను చిన్నపిల్ల కాదు. సెలవులకి ఎక్కడికెళ్లాలో కూడా తెలీదు పాపం.

చట్టంలో దారి లేకపోలేదు. 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం, దాని నిబంధనల ప్రకారం ఆశ్రమం వదిలిన పిల్లలకి 21 ఏళ్ల దాకా సాయం చేయొచ్చు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు పొడిగించొచ్చు. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో ఇందుకు నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. పొడిగింపు రాకపోతే కోర్సు పూర్తవకముందే సాయం ఆగిపోతుంది. అందుకే అధికారులు కోర్సు పూర్తయ్యే వరకూ మంజూరు మొదట్లోనే ఇవ్వాలి, ఆ పిల్లల్ని ఏటా ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు.

మనలాంటి వాళ్లం కూడా ఈసారి భోజనాల డబ్బుతో ఒక నెల మెస్ బిల్లు నేరుగా కాలేజీ హాస్టల్‌కి కట్టి, రసీదు ఆశ్రమంలో ఇవ్వొచ్చు. నేను జూన్ నెలది కడతాను. జూలైకి మా బజారులో ఇద్దరు ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక కొబ్బరి వ్యాపారి,
అంబాజీపేట, కోనసీమ జిల్లా