మా తమ్ముణ్ణి ఇంటికి చేర్చినవాళ్లందరికీ

మా తమ్ముడు ఇల్లు చేరాడు. మయన్మార్‌లోని మ్యావడీ స్కామ్ కేంద్రాల నుంచి బయటపడి, 2025 మార్చి 10న థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానంలో వచ్చిన 283 మందిలో వాడొకడు. ఫోన్ చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్ టికెట్ చేతిలో పెట్టాడు ఏజెంటు. దిగగానే కారెక్కించి, రాత్రికి రాత్రి మోయి నది దాటించేశారు. అవతల పాస్‌పోర్టు లాక్కుని, ఆడపిల్లల ఫొటోలతో దొంగ ప్రొఫైళ్లు ఇచ్చి, తెల్లవాళ్లతో చాటింగ్ చేసి డబ్బు గుంజమన్నారు. టార్గెట్ తప్పితే కరెంటు షాకులు. మిగతాది వాడు చెప్పలేదు, మేం అడగలేదు.

బ్యాంకాక్, యాంగోన్‌లలోని మన రాయబార కార్యాలయాలకు దండాలు. మా మెయిళ్లకు విసుక్కోకుండా జవాబిచ్చారు. ఒకటి మాత్రం చెప్పాలి. ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ సరిహద్దు అవతలికి కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేశాకే అక్కడి స్థానిక సాయుధ ముఠాలు జనాన్ని పెద్దఎత్తున వదలడం మొదలుపెట్టాయి.

అందరికంటే ఎక్కువ రుణపడింది మాత్రం, పేరు రాయొద్దన్న ఒక ఎస్సై గారికి. వాడి చేత చేయించింది మోసమే కాబట్టి విచారణ తప్పదని మాకూ తెలుసు. ఆయన 'ఎంతమందిని ముంచావ్' అని మొదలుపెట్టలేదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేది, గేటు దాటనిచ్చేవారా, చెప్పిన జీతం ఇచ్చారా, మానేస్తానంటే ఎంత కట్టమన్నారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఆ జవాబుల వల్లే ఏజెంటు మీద కేసు వట్టి చీటింగ్‌తో ఆగలేదు. భారతీయ న్యాయ సంహిత 143 కింద, అంటే మనుషుల అక్రమ రవాణాగా కూడా నమోదైంది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున పైసా తీసుకోకుండా వచ్చిన లాయరమ్మకూ కృతజ్ఞతలు. మాయమాటలతో తీసుకెళ్లి దోపిడీ చేస్తే, బాధితుడు ముందు ఒప్పుకున్నాడన్న సాకు చెల్లదని ఆమె చెప్పారు. మన చట్టంలోనూ, మనుషుల అక్రమ రవాణాపై దేశాలు చేసుకున్న 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం పలెర్మో ప్రోటోకాల్‌లోనూ అదే ఉందట. 'వాడంతట వాడే విమానం ఎక్కాడుగా' అన్న చుట్టాలకు ఇప్పుడు నేనూ అదే అప్పజెబుతున్నాను.

మీవాళ్లెవరైనా ఇంకా అక్కడ చిక్కుకుని ఉంటే, ఏజెంటుతో చాట్లు, డబ్బు పంపిన రసీదులు, టికెట్ కాపీ చెరిపేయకండి. ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడు మాకు పనికొచ్చినవి అవే. విదేశాల్లో ఇబ్బంది పడే మనవాళ్ల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి, దగ్గరుండి నింపిస్తాను. తమ్ముడితో మాట్లాడించమని మాత్రం అడగొద్దు. ఛానళ్లవాళ్లకూ ఇదే మనవి.