డ్రాప్‌బాక్స్ పోయింది, మా పని మారింది

మా వీసా ఫొటో షాపుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. 2025 సెప్టెంబర్ 2 నుంచి అమెరికా వీసాలకి డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వీసా తీసుకునే పద్ధతి, చాలామందికి ఎత్తేశారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు, డెబ్బై తొమ్మిది దాటిన పెద్దవాళ్లు కూడా మామూలుగా ఇంటర్వ్యూకి రావాల్సిందే. దాంతో మా దగ్గర కాగితాల పని తగ్గి, ఇంటర్వ్యూకి లోపలికి తీసుకెళ్లనివ్వని బ్యాగులు, ఫోన్లు దాచే పని పెరిగింది. చదువుకోవడానికి వెళ్లే పిల్లలు కూడా తగ్గారు, ఉన్నమాటే చెప్తున్నాం. అందుకే ఫొటోకి ఇరవై రూపాయలు పెంచుతున్నాం. బ్యాగులు దాచడానికి పాత రేటే.

హైదరాబాద్‌లోని ఈ అమెరికా కాన్సులేటే తెలంగాణ, ఆంధ్రతో పాటు ఒడిశాకీ. భువనేశ్వర్ నుంచి రాత్రి రైల్లో వచ్చి, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రంలో వేలిముద్రలిచ్చి, మర్నాడు నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూకి నిలబడేవాళ్లున్నారు. బరంపురం వాళ్లయితే తెలుగులోనే నడిచిపోతుంది. మిగతావాళ్ల కోసం ఒడియా వచ్చిన అమ్మాయిని పెట్టుకున్నాం.

2008లో కాన్సులేట్ మొదలైంది బేగంపేటలో, నిజాంల కాలపు 'పైగా' నవాబుల వంశం వాళ్ల పైగా ప్యాలెస్‌లో. ఫలక్‌నుమా కట్టించిన వికార్-ఉల్-ఉమ్రాదే ఆ మేడ కూడా. 2023 మార్చిలో 34 కోట్ల డాలర్ల కొత్త భవనానికి మారారు, వెనకాలే మేమూ వచ్చాం. అదే ఏడాది జనవరిలో, సంతోష్‌నగర్ దగ్గరున్న పైగా సమాధుల్లో ఆరింటి మరమ్మతుకి అమెరికా 2.5 లక్షల డాలర్లు ప్రకటించింది. పాత ఇంటివాళ్ల బాకీ తీర్చినట్టనిపించింది నాకు. పని ఆగాఖాన్ ట్రస్టుది. ఇంటర్వ్యూ అయ్యాక సాయంత్రం ఖాళీ ఉంటే వెళ్లండి. అక్కడి సున్నపు నగిషీ, జాలీల పనితనం నాకైతే చార్మినార్ కన్నా నచ్చుతుంది. వీసా కిటికీ తప్ప కాన్సులేట్‌కి వేరే పనేముంటుంది అనేవాళ్లకి నేను చెప్పేది ఈ సమాధుల సంగతే.

"లోపల మీకు తెలిసినవాళ్లున్నారా అన్నా?" అని రోజూ అడుగుతున్నారు. లేరు. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసుకుని రండి, మంచిదే. ఇంటర్వ్యూ స్లాట్ ఇప్పిస్తానని డబ్బులడిగేవాడికి మాత్రం రూపాయి ఇవ్వకండి, వాడు మా పేరు చెప్పినా సరే.

ఫొటోకి వచ్చేటప్పుడు తెల్ల చొక్కా వద్దు, వెనక తెరలో కలిసిపోతుంది. కళ్లజోడు ఎలాగూ తీయించేస్తాం. వీసా దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారం, మేం నింపిపెడతాం గానీ, సబ్మిట్ కొట్టేముందు ప్రతి గడీ మీరే చదువుకోవాలి. పాస్‌పోర్టులు రాత్రిపూట మా దగ్గర ఉంచుకోం. ఆదివారం షాపు మూసే ఉంటుంది.